కప్పను పాము తినుట తప్పా? – పసివారికి ప్రకృతి పాఠము

పసిబిడ్డలు అడుగు ప్రశ్నలలో పెద్దలను మిక్కిలి ఇరుకున పెట్టునది ఒకటి కలదు. పామును చేసినవాడు భగవంతుడే, కప్పను చేసినవాడును భగవంతుడే అయినప్పుడు, ఆ పాము ఈ కప్పను ఏల తినవలెను? దీనికి మన ఇండ్లలో సామాన్యముగా రెండు సమాధానములు లభించుచున్నవి. "అటువంటి మాటలు అడుగరాదు" అనునది మొదటిది. "పాము చెడ్డది" అనునది రెండవది. మొదటిది ప్రశ్నను నోటనే అణచివేయును. రెండవది అసత్యము. ఒక ప్రాణిని పుట్టుకతోనే చెడ్డదిగా చూపిన పిమ్మట, సృష్టిని గూర్చి మనము ఎంత గొప్పగా చెప్పినను బిడ్డ మనస్సున ఒక మరక ఉండియే యుండును.

నేనును ఈ పొరపాటు చేసినవాడనే. ఒక ఆషాఢమాసపు సాయంకాలమున మా ఊరి చెరువుగట్టుపై మనుమరాలితో నడచుచుంటిని. ఆమెకు అప్పటికి ఏడేండ్లు. తొలి వానలకు తూముకాలువ నిండినది. ప్రక్కనున్న గడ్డిలో ఏదో కీచుమని అరచుట వినవచ్చి చూడగా, ఒక నీరుకట్టు పాము కప్ప వెనుకకాలు పట్టుకొని యున్నది. అది విషము లేని పాము. మనకు హాని చేయునది కాదు. అయినను బిడ్డ నా పంచె పట్టుకొని ఏడ్వసాగినది. నేను ఆలోచింపక ఒక మట్టిబెడ్డ తీసి విసరితిని. పాము కప్పను విడచి నీళ్ళలోనికి జారిపోయినది. కప్ప కుంటుచు గడ్డిలో దూరినది. ఏదో పుణ్యకార్యము చేసినట్లే నేను భావించితిని. సగము దారి వచ్చిన పిమ్మట ఆమె ఆగి, "తాతయ్యా, మరి ఇప్పుడు పాము ఏం తింటుంది?" అని అడిగినది.

"ఇంకేదో తింటుందిలే అమ్మా" అంటిని.

"ఆ ఇంకేదో కూడా కప్పే గదా?"

బడిలో చిరకాలము పాఠములు చెప్పినవాడను. 'ఆహారపు గొలుసు' అను మాటను నల్లబల్లపై ఎన్ని మారులు వ్రాసితినో లెక్క లేదు. అయినను ఆ బిడ్డకు సమాధానము చెప్పలేకపోతిని. నేను బోధించినది పరీక్షలో వ్రాయుటకు పనికివచ్చు పాఠమే గాని, చెరువుగట్టున నిలబడి చెప్పదగిన పాఠము కాదని ఆనాడు తెలిసినది. ఆ తరువాత కొన్ని నెలల పాటు ఆమెతో కలసి నేనును క్రొత్తగా నేర్చుకొంటిని. ఇంట పసివారున్న భక్తులకు ఉపయోగపడునేమోయని ఆ విధమును ఇచట వ్రాయుచున్నాను.

మొదట ఎచ్చట ఆరంభింపవలెను? చాల పుస్తకములు పులితోను, జింకతోను ఆరంభించును. అది సరికాదని నా అభిప్రాయము. పులి మన ఇంటి చుట్టుప్రక్కల లేదు. పైగా పులి నోట జింకను చూపిన వెంటనే బిడ్డ భయపడును. భయపడిన మనస్సునకు పాఠము ఎక్కదు. కంచములోని అన్నముతో ఆరంభించుట మేలు. ఈ మెతుకు ఎచ్చటి నుండి వచ్చినది? బియ్యము నుండి. బియ్యము? వడ్ల నుండి. వడ్లు వరిమొక్క నుండి. మరి వరిమొక్క ఏమి తినినది? ఇచ్చట పిల్లలందరును, పెద్దలలో సగము మందియు "మట్టిని" అందురు.

అది నిజము కాదు. దీనిని నిరూపించిన కథ ఒకటి పిల్లలకు బాగుగా నచ్చును. 17వ శతాబ్దమున ఐరోపాలో ఫాన్ హెల్మాంట్ అను పండితుడు మట్టిని ఎండబెట్టి, తూచి, ఒక తొట్టిలో పోసి, అందులో చిన్న విల్లో మొక్కను నాటి, అయిదేండ్లు నీరు మాత్రమే పోసెను. చెట్టు బరువు 70 కిలోలకు పైగా పెరిగినది. తరిగిన మట్టి మాత్రము 60 గ్రాముల లోపే! ఆ బరువంతయు నీటి నుండియే వచ్చినదని ఆయన అనుకొనెను. అది సగమే నిజము. గాలి సంగతి ఆయనకు తట్టలేదు. గాలిలోని బొగ్గుపులుసు వాయువును ఆకు పీల్చి, వేరు పంపిన నీటితో కలిపి, సూర్యరశ్మి బలముతో పిండిపదార్థమును వండుకొనును. మట్టి నుండి తీసికొనునది కొద్దిపాటి లవణములే. సృష్టిలో పొయ్యి లేకుండ వంట చేయు వంటశాల ఆకుపచ్చని ఆకు ఒక్కటే అని మా మనుమరాలితో అంటిని. "అయితే నిప్పు సూర్యుడా?" అన్నది. ఆ ప్రశ్నతో పాఠము సగము పూర్తియైనట్లే. మిగిలిన జీవులన్నియు ఈ వంటను నేరుగానో, చేతులు మారిన తరువాతనో భుజించునవే.

ఇక పలకపై ఒక వరుస వ్రాయింపవలెను. వరి, మిడత, కప్ప, పాము, గద్ద. నడుమ బాణపు గుర్తులు పెట్టుమనిన, నూటికి తొంబదిమంది పిల్లలు పాము నుండి కప్ప వైపునకు బాణము గీయుదురు. పాము కప్ప మీదికి పోవుచున్నది గదా యని వారి తలంపు. దిద్దవలసినది ఇదియే. బాణము ఎవరు ఎవరి మీదికి పోవుచున్నారో చూపునది కాదు, ఆహారము ఎచ్చటికి పోవుచున్నదో చూపునది. కాబట్టి దాని మొన తినువాని వైపునకే ఉండవలెను. ఈ చిన్న దిద్దుబాటుతో బిడ్డ చూపు మారుట నేను కన్నులార కంటిని. తప్పుగా గీసిన బాణములో కనిపించునది దాడి. సరిగా గీసిన బాణములో కనిపించునది సూర్యుని నుండి ఆకునకు, ఆకు నుండి మిడతకు, అచ్చటి నుండి ముందుకు ప్రవహించు శక్తి.

తరువాత ఒక ఆట. వేయి పెసలు లెక్కించి ఒక చేటలో పోయింపవలెను. లెక్కించుటకే ఒక పూట పట్టును. పట్టనిండు, పిల్లలకు అదియును ఆటయే. అవి వరిపైరు. మిడతల పాత్రలో నూరు మాత్రమే వేయవలెను. కప్ప పాత్రలో పది. పాము పాత్రలో ఒక్కటి. గద్ద పాత్రలో వేయుటకు పూర్తి గింజయే ఉండదు. తినిన ఆహారములో అధిక భాగము కదలుటకు, శ్వాసించుటకు, వేడిగాను ఖర్చయిపోయి, సుమారు పదవ వంతు మాత్రమే ఒంటపట్టి పై మెట్టునకు అందుచుండును. రేమండ్ లిండెమన్ అను అమెరికా యువశాస్త్రజ్ఞుడు ఒక చిన్న సరస్సునందలి జీవులను పరిశీలించి, 1942లో వెలువడిన వ్యాసమున ఇట్టి లెక్కలకు దారి చూపెను. అది అచ్చుకాకముందే ఆయన కన్నుమూసెను. అన్నిచోట్లను కచ్చితముగా పదవ వంతే యని కాదు. పిల్లలకు ఈ అంచనా చాలును. ఊరి నిండ పొలములున్నను ఆకాశమున తిరుగు గద్దలు నాలుగైదే యేల కనిపించునో పెసలు చెప్పినట్లు మాటలు చెప్పలేవు.

ఇప్పుడు కప్పను తీసివేసినచో ఏమగును? ఇది ఊహ కాదు, మన దేశమున జరిగిన సంగతి. విదేశములలో కప్పకాళ్ళను భుజించువారి కొరకు మన పొలములనుండి బోదురుకప్పలను పట్టి ఏటేట వేల టన్నుల కాళ్ళను ఓడలకెక్కించిన కాలమొకటి ఉండెను. పురుగులను తినువారు పొలమున తగ్గిపోయిన, పురుగులు పెరుగును. పురుగుమందు కొనవలెను. ఆ మందు మిగిలిన కప్పలను సైతము చంపును. ఈ వ్యాపారమును 1987లో ప్రభుత్వము నిషేధించెను. కప్పను ప్రేమించు బిడ్డకు ఇచట ఒక సంగతి చెప్పవచ్చును. పాము నోట పడినవి కొన్ని కప్పలే. మిగిలినవి గ్రుడ్లు పెట్టును, ఒక్కొక్కటి వేలకొలది. సంతలోనికి పోయిన బస్తాలకు అట్టి మేర లేదు. పాము ఆకలి తీరిన వెంటనే ఆగును.

కప్పలను ఆపి పాములను చంపుదమా? అప్పుడు ఎలుకలు పెరుగును. గాదెలోని వడ్లు ఎవరి పాలగునో రైతుబిడ్డకు వేరుగా చెప్పనక్కరలేదు. జెర్రిపోతు చేయు కాపలాకు జీతము లేదు. గొలుసు అనుచున్నాము గాని, నిజమునకు ఇది వల. ఒక పాము కప్పను తినును, ఎలుకను తినును. ఒక కప్పను పాము తినును, కొంగయు తినును. ఎనిమిది తొమ్మిది ఏండ్లు నిండిన బిడ్డచే ఈ వలను దారముతో అల్లించవచ్చును. పలకపై నున్న పేర్లను అట్టముక్కలపై వ్రాసి, పిల్లల చేతికిచ్చి, ఎవరు ఎవరికి ఆహారమో వారి నడుమ దారము కట్టి, ఒకరు దారమును లాగిన ఎందరి చేతులు కదలునో చూడవలెను.

పురాణకథలను ఎరిగిన ఇండ్లలో ఈ పాఠమునకు తోడు దొరకును. బ్రహ్మోత్సవములలో మొదటి రాత్రి స్వామి పెద్దశేషవాహనముపై ఊరేగును. అయిదవ రాత్రి గరుడవాహనము. గ్రద్దకును పామునకును జాతివైరము. అయినను ఒకరు శయ్య, మరియొకరు వాహనము. ఇందులో ఎవరు చెడ్డవారని బిడ్డను అడిగి చూడుడు. మత్స్యావతార కథ ఇంకను దగ్గరగా ఉండును. కృతమాలా నదిలో సత్యవ్రతుని దోసిటిలోనికి వచ్చిన చేపపిల్ల పెద్ద జలచరముల భయముననే రక్షణ వేడినది. పెద్దచేప చిన్నచేపను తినుట మన పూర్వులకు క్రొత్త సంగతి కాదు. మత్స్యన్యాయమను మాటయే దానినుండి పుట్టినది. అయితే ఆ మాటను వారు రాజు లేని రాజ్యమునకు వాడిరి. అనగా చేపకు తగినది మనిషికి తగదని. పులికి ఆకలి తప్ప వేరు ఎన్నిక లేదు గనుక దానికి పాపము అంటదు. ఎన్నుకొనగలవాడు మనిషి గనుక ధర్మము వానికే చెప్పబడినది. శాకాహారపు ఇంటి బిడ్డ ఈ పాఠము విని పొరుగింటి చేపల కూరను ఈసడించుటకు మొదలిడినచో, అది పాఠము చెప్పిన పెద్దల లోపము. ఈ మాట కొందరికి రుచింపకపోవచ్చును.

గొలుసునకు చివర గద్ద అనుకొంటిమి. గద్ద చచ్చిన పిమ్మట? పిల్లలు తప్పక అడుగుదురు. ఇచట జటాయువును స్మరింపక తప్పదు. శ్రీరాముడు తండ్రికి వలె దహనసంస్కారము చేసిన పక్షి రాబందు జాతిది. చచ్చిన పశువును గంటలలో శుభ్రము చేసి ఊరిని రోగముల నుండి కాపాడినవి ఈ పక్షులే. 1990ల నుండి మన దేశమున మూడు జాతుల రాబందులు నూటికి 95కు పైగా నశించినవి. కారణము చాలకాలము అంతుపట్టలేదు. పశువుల నొప్పికి ఇచ్చు డైక్లోఫెనాక్ అను మందు, చచ్చిన పశువు మాంసము ద్వారా రాబందు కడుపున చేరి మూత్రపిండములను పాడుచేయుచున్నదని 2004లో శాస్త్రజ్ఞులు వెల్లడించిరి. పశువులకు ఆ మందు వాడుటను 2006లో నిషేధించిరి. ఆవు నొప్పి పోవలెనని దయతో ఇచ్చిన మందే పక్షి ప్రాణము తీసినది. గొలుసు తెలియని దయ ఎట్లుండునో చెప్పుటకు నాకు ఇంతకు మించిన ఉదాహరణము తెలియదు. లేపాక్షిలో జటాయువు కథ చెప్పించుకొన్న నేటి పిల్లలలో బ్రదికియున్న రాబందును చూచినవారు అరుదు.

రాబందు విడచినదానిని పురుగులు, బూజు, కంటికి కనబడని సూక్ష్మజీవులు తిని మట్టిగా మార్చును. ఆ మట్టినుండి లవణములు మరల వేరునకు. కనుక గొలుసు రెండు కొనలును కలసి చక్రమగుచున్నది. గీతలో మూడవ అధ్యాయమున అన్నమును, వర్షమును, కర్మమును ఒకదానితో నొకటి ముడివేసి దానిని చక్రమనియే పేర్కొనిరి.

ఈ చక్రమును కన్నులతో చూడగోరువారు తిరుపతి యాత్రకు వచ్చునపుడు సూళ్ళూరుపేట సమీపమున నేలపట్టు చెరువునకు పోయి రావచ్చును. 1976లో పక్షుల అభయారణ్యముగా ఏర్పడిన చోటది. శీతకాలమున గూడబాతులు నీటిలోని చెట్లపై గూళ్ళు కట్టి పిల్లలను పెంచును. మేతకు పులికాట్ సరస్సునకు, చుట్టుప్రక్కల చెరువులకు పోయి చేపలను తెచ్చును. నీటిలోని సూక్ష్మమైన మొక్కలను చిరుజీవులు, వానిని చేపలు, చేపలను పక్షులు. అంతటితో ఆగదు. పక్షుల రెట్ట చెరువు నీటిలో కలయును; ఆ నీరు పారిన వరిచేలకు అది ఎరువు. సముద్రతీరపు చేప ఈ విధముగా పొలములో వడ్లగింజయగుచున్నది. మా మనుమరాలు అచ్చట రెండు గంటలు కదలక కూర్చున్నది. ముక్కు మూసికొనియే కూర్చున్నది, వాసన అట్టిది.

యాత్రికులమైన మనము తెలియక చేయు కొన్ని పనులను గూర్చి కూడ ఇచట చెప్పవలసియున్నది. పుష్కరిణిలో చేపలకు బొరుగులు వేయుట పిల్లలకు ఎంతో ఇష్టము. చిటికెడు వేసిన ముప్పు లేదు. వందలమంది గుప్పెళ్ళతో చల్లగా, తినక మిగిలినవి క్రుళ్ళును. క్రుళ్ళించు సూక్ష్మజీవులు నీటిలోని ప్రాణవాయువును వాడుకొనును. అప్పుడు చేపలు తెల్లవారుజామున నీటిపైకి వచ్చి నోళ్ళు తెరచును. మేత కొరకే తెరచుచున్నవని మనము మరల బొరుగులు వేయుదుము! నడకదారిలో కోతులకు, జింకలకు తినుబండారములు పెట్టుటయు ఇట్టిదే. 2010లో జీవావరణ పరిరక్షణ ప్రాంతముగా గుర్తింపబడిన శేషాచలపు అడవిలో వానికి కావలసిన ఆకు, కాయ కలవు. మనము పారవేసిన తిండికి కుక్కలు, పందులు చేరును. వానిని వెదకికొనుచు చిరుత రాగలదు. 2023 ఆగస్టులో అలిపిరి నడకదారిలో ఒక చిన్నారి చిరుతవాత పడిన దుఃఖము ఇంకను మరపునకు రాలేదు. చిరుతకు కోపము లేదు, ఆకలి కలదు. బిడ్డల చేయి విడువకుండుట, అడవి జంతువులకు ఏమియు పెట్టకుండుట మన వంతు.

అయితే ఏ ప్రాణికిని పిడికెడు పెట్టరాదా? పెట్టవచ్చును. ఎంత, ఎచ్చట, ఎవరికి అని తెలిసి పెట్టిన మన పెద్దల పద్ధతులు ఇంకను మిగిలియున్నవి. గడపముందు బియ్యపుపిండి ముగ్గు చీమలకు. చూరున వ్రేలాడు వరికంకుల కుచ్చు పిచ్చుకలకు. నిత్యము చేయవలసిన అయిదు యజ్ఞములలో భూతయజ్ఞమొకటి. మా ఇంటి చావడిలో కుచ్చు కట్టగా పిచ్చుకలు వచ్చినవి. అవి గింజలు తినుచు, తమ పిల్లల నోటికి మాత్రము గొంగళిపురుగులను అందించుట మనుమరాలు కనిపెట్టినది. పిచ్చుకపిల్ల పెరుగుటకు పురుగే కావలెను. పెరటిలో మందు చల్లిన ఇంటికి పిచ్చుక ఏల రాదో నేను చెప్పకుండగనే ఆమెకు అర్థమైనది.

ఒక హెచ్చరిక. అయిదేండ్లలోపు పిల్లలకు ఎవరు ఏమి తినునో చెప్పిన చాలును. చంపు దృశ్యములను తెరలపై చూపనక్కరలేదు. పెద్ద పిల్లలైనను కప్ప కొరకు ఏడ్చిన "ప్రకృతి అంతే" అని నవ్వరాదు. ఆ కన్నీరు తప్పు కాదు. దానిని ఎండబెట్టుట విద్య కాదు. మా బిడ్డ విషయమున జరిగినది వేరు. కప్ప మీది జాలి తగ్గలేదు, పాము ఆకలి మీద కూడ జాలి పుట్టినది. మరుసటి వానాకాలమున అదే తూముకాలువ యొద్ద అట్టి దృశ్యమే మరల కనబడినది. నేను బెడ్డ తీయలేదు. ఆమె నా చేయి గట్టిగా పట్టుకొని చివరివరకు చూచినది, కన్నులు తడిసియే యున్నవి. ఇంటికి వచ్చు దారిలో మాటలాడలేదు.

ఆ రాత్రి తన పుస్తకములో వలను మరల గీసి, అందులో తన బొమ్మ వేసికొన్నది. వరి నుండి తన వైపునకు బాణము, పెసర నుండి బాణము, ఆవుపాల నుండి బాణము. "తాతయ్యా, నా నుంచి ఎవరికి గీయాలి? నన్నెవరు తింటారు?" అన్నది. నేను తడబడుచుండగనే చేతిమీద వాలిన దోమను చరచి, తనకు తానే నవ్వి, ఒక బాణము దోమకు గీసినది. దోమ నుండి గోడమీది బల్లికి ఇంకొకటి. ఆ ఏడే కంచిలో వరదరాజస్వామి సన్నిధిని బంగారుబల్లిని తాకి వచ్చిన పిల్ల కనుక, బల్లిని పసుపురంగుతో నింపినది.